నీటిలో మునిగిన చేప

చేప నీటిలో మునిగి చస్తుందా? ఈ ప్రశ్న వింటే ఎవరికైనా నవ్వు వస్తుంది. గత వేసవిలో మేమూ నవ్వాము. తరువాత సిగ్గుపడ్డాము.

మా విద్యార్థి ఒకని తండ్రి వనపర్తి వైపు చెరువులో పట్టిన కొర్రమట్టలను గద్వాల సంతకు తేవడానికి బిందెలో అంచుల దాకా నీరు పోసి, తొణకకుండా మూత బిగించి బస్సెక్కినాడట. దిగి చూసేసరికి ఏడు చేపలలో ఆరు వెల్లకిల తేలినవి. బ్రతికిన కొర్రమట్ట ధర వేరు, చచ్చినదాని ధర వేరు. ఆ ఇంటికి రెండు దినాల కష్టం నీటిపాలైనది. "నిండుగా నీళ్ళు పోసినం గద సార్, ఎట్ల చచ్చినయి?" అని ఆ అబ్బాయి మమ్మల్ని అడిగినాడు. మేము తెలుగు పాఠం చెప్పేవాళ్ళము. జవాబు తెలియలేదు. జంతుశాస్త్ర శాఖలోని మిత్రులను అడిగి, నాలుగు గ్రంథాలు తిరగవేసి తెలుసుకున్నదానిని ఇక్కడ మనవి చేస్తున్నాము.

చేప మొప్పలతో శ్వాసిస్తుందని చిన్న తరగతిలోనే చదువుకున్నాము. అయితే నీటిలో ప్రాణవాయువు ఎంత స్వల్పమో మనకు తట్టదు. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు నీటిలో గరిష్ఠంగా ఏడున్నర మిల్లీగ్రాముల ఆక్సిజన్ మాత్రమే కరుగుతుంది. అదే లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాములు ఉంటుంది. నీరు వేడెక్కిన కొద్దీ ఆ స్వల్పం కూడా తగ్గుతుంది. అందుకే ఎండాకాలంలో చెరువు ఇంకినప్పుడు రవ్వ, బొచ్చె ముందుగా చస్తవి. వాటిని గట్టుపై వేస్తే గాలి సమృద్ధిగా ఉన్నా బ్రతకవు. నీటి ఆసరా లేని మొప్పల రేకులు తడి కాగితాల వలె ఒకదానికొకటి అంటుకొనిపోయి, గాలి తగిలే వైశాల్యం తగ్గిపోతుంది.

కొర్రమట్ట సంగతి వేరు. దానికి మొప్పల పైన, తలకు ఇరువైపులా, చిన్న గదులు వంటివి ఉన్నవి. వాటి లోపలి పొర మడతలు పడి, సన్నని రక్తనాళాలతో నిండి ఉంటుంది. చేప మాటిమాటికీ నీటిపైకి వచ్చి గుక్కెడు గాలి మింగి ఆ గదులలో నింపుకుంటుంది. ఎదిగిన కొర్రమట్టకు మొప్పలు మాత్రమే చాలవు. పై గాలి అందకపోతే ఊపిరాడక చస్తుంది. అంచుల దాకా నిండిన బిందెలో, బిగించిన మూత కింద, గుక్కెడు గాలికి చోటు లేదు. ఆ ఆరు చేపలూ అక్షరాలా నీటిలో మునిగి చచ్చినవి. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటింపబడినది ఈ చేపయే!

అంతటితో కథ ముగియలేదు. ఆ చేపలు సాయంత్రానికే మెత్తబడినవట. వెంటనే కోసిన చేప అంతసేపు గట్టిగా ఉంటుంది గదా, ఇవి ఎందుకు చెడినవి? ఈ ప్రశ్నకు జవాబు వెదకితే మన తెలుగువాని పేరు ఎదురైనది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను వెల్లడించినాడు. ఈ రెండవదానినే ఏ.టి.పి. అంటున్నాము. కండరం కదలికకు ఖర్చయ్యేది ఏ.టి.పి. అది తరగగానే ఫాస్ఫోక్రియాటిన్ తన ఫాస్ఫేట్ నిచ్చి మళ్ళీ నింపుతుంది. ఒకటి చేతి ఖర్చు, ఒకటి పెట్టెలోని సొమ్ము అనుకోవచ్చు. ఇదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా ఏ.టి.పి.ని కనుగొన్నాడు, పాఠ్యపుస్తకాలలో ఆయన పేరే ఎక్కువగా కనబడుతుంది. మా తరగతిలో సుబ్బారావు పేరు విన్నవారు ఎందరని అడిగితే రెండు చేతులు లేచినవి.

చేప చచ్చిన తరువాత ఏ.టి.పి. అడుగంటితే కండరపు పోగులు ఒకదానినొకటి పట్టుకొని వదలవు. చేప కట్టెబారుతుంది. తరువాత లోపలి ఎంజైములు పోగులను సడలించి మెత్తబరుస్తవి. బిందెలోనో వలలోనో చాలాసేపు కొట్టుకున్న చేప ఆ సొమ్మంతా ముందే ఖర్చు చేసుకుంటుంది. కనుక త్వరగా కట్టెబారుతుంది, త్వరగా మెత్తబడుతుంది. ఏ.టి.పి. విరిగినప్పుడు మొదట వచ్చే ఐనోసినేట్ రుచిగా ఉంటుంది, చివర వచ్చే హైపోజాంథిన్ చేదు. ఈ విరుగుడు ఎంత దూరం పోయిందో కొలిచి చేప తాజాతనాన్ని నిర్ణయించే పద్ధతిని 1959లో జపాను శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు.

సముద్రంలోని ఆదిమ జీవులను చూస్తే మరొక వింత. రొయ్యకూ పీతకూ పెట్టెలోని సొమ్ము ఫాస్ఫోక్రియాటిన్ కాదు, ఆర్జినిన్ ఫాస్ఫేట్. వెన్నెముక గల జీవులకు దగ్గరి చుట్టమైన ఆంఫియాక్సస్‌లో క్రియాటిన్ ఉన్నది. ముళ్ళబంతి వంటి సీ అర్చిన్ దవడ కండరంలో రెండూ ఉన్నట్లు 1932లో కనుగొన్నారు. ఇసుకలో దాగే ఆ వేలెడు ఆంఫియాక్సస్, మన జూరాల రవ్వ, మన చేతి కండ ఒకే నాణెంతో వ్యవహరిస్తున్నవన్నమాట.

వాసన విషయం కూడా చెప్పవలె. సొరచేప సముద్రపు ఉప్పుకు సాటి నిలవడానికి రక్తంలో యూరియాను దాచుకుంటుంది. ఆ యూరియా మాంసకృత్తులను చెరచకుండా ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ కాపాడుతుంది. ఇతర సముద్రపు చేపలలో కూడా ఇది ఉన్నది. చచ్చిన తరువాత బాక్టీరియా దానిని ట్రైమిథైలమైన్‌గా మారుస్తవి. సముద్రపు చేప కంపు అదే. మన జూరాల, సోమశిల చేపలలో ఈ పదార్థం బహు స్వల్పం. వాటికి అప్పుడప్పుడు వచ్చే మట్టివాసన జియోస్మిన్ అనే వేరొక పదార్థం వల్ల కలుగుతుంది. దానిని నీటిలోని సూక్ష్మజీవులు తయారు చేస్తవి. చేపల కూరలో చింతపండు పులుసు పోయడం కేవలం రుచికి కాదని మా అభిప్రాయం. పులుపులోని ఆమ్లం ట్రైమిథైలమైన్‌ను ఆవిరి కాని లవణంగా కట్టివేస్తుంది. ఈ రసాయనశాస్త్రం తెలియకుండానే మన తల్లులు దానిని ఆచరించారు.

ఆ విద్యార్థి తండ్రి ఇప్పుడు బిందె మానినాడు. వెడల్పాటి టబ్బులో జానెడు నీరు పోసి, పైన వల కట్టి తెస్తున్నాడు. నీటికీ వలకూ మధ్య బెత్తెడు ఖాళీ వదులుతాడు. నీళ్ళు చిందుతున్నవని పక్కన కూర్చున్న ప్రయాణికులతో మాత్రం ప్రతిసారీ పేచీయేనట.