పార్లమెంటు ఎన్నికలలో ఒక్క ఓటు విలువ

విద్యార్థులారా! "నా ఒక్క ఓటు చేత నేమగును?" అని పెద్దలు పలుకుట మీరు వినియే యుందురు. ఈ ప్రశ్నకు నీతివాక్యములతో గాక లెక్కలతో బదులు చెప్ప నెంచి యీ పాఠమును వ్రాయుచున్నాము. కాగితమును, కలమును దగ్గర నుంచుకొని చదువుడు.

మొదట మన యూరి సంగతి. కూకట్‌పల్లి మల్కాజిగిరి పార్లమెంటు నియోజకవర్గములోనిది. మేడ్చల్, మల్కాజిగిరి, కుత్బుల్లాపూర్, కూకట్‌పల్లి, ఉప్పల్, ఎల్.బి.నగర్, సికింద్రాబాద్ కంటోన్మెంటు అను ఏడు శాసనసభా నియోజకవర్గములు చేరి యిది యేర్పడినది. ఓటరుల సంఖ్యనుబట్టి దేశమున కెల్ల నిదియే పెద్దది. 2019లో నిచ్చట 31 లక్షలకు పైగా ఓటరులుండిరి. ఓటు వేసినవారు మాత్రము సుమారు సగము మంది. ఆ యెన్నికలో కాంగ్రెసు అభ్యర్థి శ్రీ రేవంత్ రెడ్డిగారు తెలంగాణ రాష్ట్ర సమితి అభ్యర్థి శ్రీ మర్రి రాజశేఖర్ రెడ్డిగారిపై 10,919 ఓట్ల ఆధిక్యముతో గెలిచిరి.

ఇక లెక్క వేయుడు. గెలిచినవారి కోటు వేసినవారిలో నొకడు మనసు మార్చుకొని రెండవవారికి వేసినచో ఆధిక్యము రెండు తగ్గును. కావున 5,460 మంది మనసు మార్చుకొనినచో ఫలితమే తారుమారయ్యెడిది. నాడు ఓటు వేయక ఇంటికడ నుండిన వారో, పదునైదు లక్షలకు తక్కువ కారు! 2024లో నిదే నియోజకవర్గమున భారతీయ జనతా పార్టీ అభ్యర్థి శ్రీ ఈటల రాజేందర్ గారు 3,91,475 ఓట్ల ఆధిక్యముతో గెలిచిరి. ఈ మారును సుమారు సగము మందియే ఓటు వేసిరి.

రెండవది మన రాష్ట్రపు లెక్క. 2024 మే 13వ తేదీన తెలంగాణమందలి 17 స్థానములకు పోలింగు జరిగి, జూన్ 4వ తేదీన ఫలితములు వెలువడెను. కాంగ్రెసునకు 8, భారతీయ జనతా పార్టీకి 8, మజ్లిస్ పార్టీకి 1 లభించెను. త్రాసు సరిగా నిలిచినది. అయినను ఓట్లు సమానములు కావు: కాంగ్రెసునకు నూటికి 40, భారతీయ జనతా పార్టీకి 35 వచ్చెను. నూటికి 16కు మించి ఓట్లు పొందియు భారత రాష్ట్ర సమితికి ఒక్క స్థానమైనను దక్కలేదు. నల్లగొండలో 5,59,905 ఓట్ల ఆధిక్యమున కొక స్థానమే. మహబూబ్‌నగరులో 4,500 ఓట్ల ఆధిక్యమునకును ఒక స్థానమే. మన పద్ధతిలో ఒక్కొక్క చోట నెవరి కెక్కువ ఓట్లు వచ్చునో వారే గెలుతురు గాన నిట్లు జరుగును. దీని గుణదోషములను మీలో మీరు చర్చించుడు.

మూడవది దేశపు లెక్క. లోక్‌సభలో 543 స్థానములు కలవు; ప్రభుత్వము నిలుచుటకు 272 కావలెను. 2024లో భారతీయ జనతా పార్టీకి 240 స్థానములు వచ్చెను. మిత్రపక్షములతో గలిసి 293 అయ్యెను. అందులో తెలుగుదేశమునకు ఆంధ్రప్రదేశమున గెలిచిన 16, జనతాదళ్ యునైటెడ్ పార్టీకి 12. ఈ 28ని తీసివేయుడు, 265 మిగులును. తెలుగువారి ఓట్లు ఢిల్లీలో నెంత బరువు తూగెనో దీనివలన దెలియును. 1999 ఏప్రిల్ 17వ తేదీన లోక్‌సభలో శ్రీ వాజపేయిగారి ప్రభుత్వమునకు 269 మంది అనుకూలముగను, 270 మంది ప్రతికూలముగను ఓటు వేయగా, ఒక్క ఓటుతో నా ప్రభుత్వము పడిపోయెను. 1989లో అనకాపల్లిలో శ్రీ కొణతాల రామకృష్ణగారు తొమ్మిది ఓట్ల ఆధిక్యముతో లోక్‌సభకు గెలిచిరి. ఇద్దరికి సమానముగా ఓట్లు వచ్చినచో చీట్లు వేసి తేల్చవలెనని 1951 నాటి చట్టము చెప్పుచున్నది.

మరి మన పేటలలో సగము మంది యేల ఓటు వేయరు? ఓటు వేయని వారందరును సోమరులని నిందింప రాదు. 2024లో తెలంగాణమునకును ఆంధ్రప్రదేశమునకును ఒకే దినమున పోలింగు జరిగెను. స్వగ్రామమున ఓటు గలవారు పలువురు హైదరాబాదు నుండి బస్సులలోను, రైళ్లలోను తరలిపోయిరి. అది మెచ్చదగినదే. కాని ఒకరి పేరు రెండుచోట్ల నుండరాదని 1950 నాటి చట్టము నిషేధించుచున్నది. ఇల్లు మారినను పాత చోటనే పేరు విడిచినవారు, పేరున్నదో లేదో చూచుకొననివారు, సెలవు దొరికెనని విశ్రమించువారు కూడ కలరు. వీరికి మనము సాయపడవచ్చును.

కావున మీకొక పని యప్పగించుచున్నాము. నేడు ఇంటికి బోయి మీ తలిదండ్రుల పేరులు ఓటరుల పట్టికలో నున్నవో లేవో, ఒకే చోట నున్నవో చూడుడు. మీకు పదునేడేండ్లు నిండగనే ముందుగా దరఖాస్తు చేసికొనవచ్చును. పదునెనిమిది నిండిన పిమ్మట పేరు పట్టిక కెక్కును. ఎవరికి వేయవలెనో మేము చెప్పము. అది మీ మనస్సాక్షికి సంబంధించినది. వేయక మానవద్దని మాత్రము చెప్పుచున్నాము. ఆ తొమ్మిది ఓట్లలో నొకటి మీది కావచ్చును.