మునిగేవాళ్ళు కేక వెయ్యరు

మా రాయకోటలో ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. నీళ్ళ విషయంలో మాత్రం రెండు భాషల్లోనూ ఆడపిల్లలకి చెప్పేది ఒకటే మాట: "బాయి కాడికి పోవద్దు." మగపిల్లలకైతే నడుముకి ఎండు సొరకాయ బుర్ర కట్టి ఈత నేర్పిస్తారు.

నాకు పదేళ్ళప్పుడు మా తోట బావి మెట్ల మీద ఆడుకుంటున్నాం. మా పెద్దమ్మ కూతురు ఒక్కో మెట్టే దిగుతూ నీళ్ళలోకి పోయింది. తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి, నిలువుగా తేలుతూ మునుగుతూ ఉంది. అరవలేదు. ఆటలాడుతోందనుకుని నేను నవ్వాను. మోటారు వెయ్యడానికి వచ్చిన చిన్నాన్న చూసి, దూకి బయటికి తీశారు. అక్క బతికింది. కానీ అందరికన్నా దగ్గర ఉన్నది నేనే.

నేను ఎందుకు గుర్తుపట్టలేకపోయానో ఈమధ్యే చదివి తెలుసుకున్నాను. న్యూయార్క్ ఆర్చర్డ్ బీచ్‌లో లైఫ్‌గార్డుగా పనిచేసిన ఫ్రాంక్ పియా, మునిగేవాళ్ళను సినిమా తీసి పరిశీలించారు. మునిగే మనిషికి ఊపిరి తీసుకోవడానికే సమయం చాలదు, ఇంక అరిచేదెలా? చేతులు పైకెత్తి ఊపలేరు. పక్కలకి చాచి నీటిని కిందికి నొక్కుతుంటారు. కాళ్ళు ఆడవు. ఇదంతా 20 నుంచి 60 సెకన్లే. ఆ తరువాత మునిగిపోతారు.

అందుకే లైఫ్‌గార్డు పనిలో ఎక్కువ భాగం చూడటమే. తనకి అప్పగించిన నీటిని 10 సెకన్లలో ఒకసారి పూర్తిగా చూడాలి, ఆపదలో ఉన్నవారిని 20 సెకన్లలో చేరుకోవాలి అని ఒక లెక్క. ఒకేచోట చూస్తూ ఉంటే కళ్ళు అలసిపోతాయి కాబట్టి మనుషులు వంతులు మార్చుకుంటారు. విశాఖ ఆర్కే బీచ్‌లో లైఫ్‌గార్డులుంటారు. మన బావులకి, చెరువులకి ఎవరున్నారు? గట్టు మీద ఉన్న మనమే.

ఈత రాకపోయినా మనం చెయ్యగలిగినవి ఉన్నాయి. మొదట గట్టిగా అరిచి మనుషుల్ని పిలవాలి. గట్టున బోర్లా పడుకునో, చెట్టుని పట్టుకునో కర్ర అందించాలి. కర్ర అందకపోతే తాడు, ఖాళీ క్యాను, ఏది దొరికితే అది విసరాలి. మనం మాత్రం దూకకూడదు. భయంలో వాళ్ళు మనల్ని పట్టుకుంటే ఇద్దరూ పోతారు. బయటికి తీశాక పొట్ట నొక్కడం, తలకిందులుగా తిప్పడం చెయ్యకండి. 108కి ఫోను చెయ్యాలి. ఊపిరి ఆడకపోతే నోటితో ఊపిరి ఊది, ఛాతీ నొక్కాలి. ఇది నేర్చుకున్నవాళ్ళ దగ్గరే నేర్చుకోవాలి.

2020 ఆగస్టులో పెరంబలూరు జిల్లా కొట్టరై ఆనకట్ట దగ్గర నలుగురు కుర్రాళ్ళు మునిగిపోతుంటే, అక్కడున్న ముగ్గురు స్త్రీలు తమ చీరలు విసిరి ఇద్దరిని బయటికి లాగారు. మిగిలిన ఇద్దరు దక్కలేదు. ఆ ముగ్గురికీ తమిళనాడు ప్రభుత్వం కల్పనా చావ్లా పురస్కారం ఇచ్చింది. మనం సిగ్గుకోసం కట్టుకునే చీర అక్కడ తాడయింది.

2021లో ఐక్యరాజ్యసమితి జూలై 25ని నీట మునిగే ప్రమాదాల నివారణ దినంగా ప్రకటించింది. ఆ రోజు మన కాలేజీలో ఛాతీ నొక్కడం ఎవరైనా నేర్పిస్తే బాగుంటుందని మన మేడమ్‌లకి నా మనవి. అలాగే ఎప్పుడైనా అందరం కలిసి కృష్ణగిరి డ్యాంకో హొగెనకల్‌కో వెళ్తే, వంతులవారీగా ఒకరు ఫోను పక్కన పెట్టి నీళ్ళనే చూద్దాం.

నాకు ఇప్పటికీ ఈత రాదు. పోయిన సెలవుల్లో మా బావి దగ్గరున్న వేపచెట్టుకి పొడవాటి తాడు కట్టి, దాని కొసకి మూత బిగించిన ఖాళీ క్యాను తగిలించాను. "ఇదెందుకే ఈడ కట్టినావు?" అని అవ్వ అడిగింది. ఆ రోజు నేను నవ్విన సంగతి అప్పుడు మొదటిసారి చెప్పాను.