మెడ దగ్గర పగిలిన చెక్క

వరంగల్

అల్లుడికి,

లైసెన్సు ఉన్న తుపాకుల దుకాణంలో చెక్క పనికి కుదిరావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. దర్వాజలు, కిటికీలు చేసే ఇంట్లో పుట్టినవాడికి ఉలి పట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ దర్వాజ ఎవరి భుజాన్నీ తన్నదు. తుపాకీ చెక్క తంతుంది, తన్నులూ తింటుంది. అందుకే ఈ ఉత్తరం.

దుకాణానికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం బ్యాంకు గార్డుల డబుల్ బ్యారెల్ 12 బోర్ తుపాకులే ఉంటాయి. మిలిటరీలో చేసి వచ్చి, సొంత లైసెన్సు మీద తుపాకీ కొనుక్కుని, హన్మకొండలోనో కాజీపేటలోనో బ్యాంకు గేటు దగ్గర స్టూలేసుకుని కూర్చునే పెద్దమనుషులవి. వాటిలో చాలా తుపాకులు ఏళ్ల తరబడి ఒక్క తూటా కూడా పేల్చవు. అయినా చెక్క పగులుతుంది. అదీ ఎక్కడో కాదు, మెడ దగ్గరే. ఇనుప భాగం చెక్కలోకి దిగి, దాని తోక వేలెడంత పొడవున పైన పరుచుకునే చోట.

దీనికి మొదటి ముద్దాయి నూనె. గార్డు శ్రద్ధ కలవాడైతే వారానికోసారి గొట్టాలకూ ట్రిగ్గర్ సందులకూ నూనె పోస్తాడు. పోసి, గొట్టాలు పైకి ఉండేలా మూలన నిలబెడతాడు. ఆ నూనె మెల్లగా కిందికి దిగి చెక్క తలలోకి చేరుతుంది. అక్కడ చెక్క నార కోసిన ముఖం ఉంటుంది కనుక ఎంత వచ్చినా తాగేస్తుంది. ఏళ్లు గడిచేసరికి ఆ చోటు నల్లబడి మెత్తబడుతుంది. పైగా వరంగల్ ఎండలు 45 డిగ్రీల దాకా పోతాయి, చెక్క ముడుచుకుంటుంది. వానాకాలం మళ్లీ ఉబ్బుతుంది. ఈలోగా స్క్రూలు వదులవుతాయి. ఇక ఏ రోజో ఒకసారి కాల్చగానే ఇనుము వెనక్కి జరిగి, దాని తోక మొద్దులో గొడ్డలి దిగినట్టు మెడలోకి దిగుతుంది. తూటా బలం కంటే ఆ వదులే చెక్కను చీలుస్తుంది.

కాదనేవాళ్లకు హైదరాబాద్ షూటర్ కైనన్ చెనాయ్‌ని చూపించవచ్చు. 2016 రియో ఒలింపిక్స్‌లో ట్రాప్, అంటే గాల్లోకి ఎగరేసిన పళ్లేలను కాల్చే ఆట, ఆడాడు. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఏషియన్ గేమ్స్‌లో జట్టుతో స్వర్ణం, విడిగా కాంస్యం తెచ్చాడు. ట్రాప్ క్వాలిఫికేషన్‌లోనే 125 పళ్లేలకు గురి చూడాలి, సాధన వేరే. అక్కడ తూటాలో సీసం 24 గ్రాములకు మించకూడదన్న నియమం ఉంది, కనుక తన్ను తేలికే, నిజమే. అయినా ఆ ఆటలో తుపాకులు ఏడాదిలో వేల తూటాలు పేలుస్తాయి. ఇనుమూ చెక్కా ఒకదానికొకటి సరిగ్గా ఆనుకుని ఉన్నంత కాలం మెడ తట్టుకుంటుంది.

కాబట్టి జిగురు డబ్బా మూత తీసే ముందు పగులు ఎందుకొచ్చిందో తేల్చాలి. తుపాకీ ఖాళీగా ఉందో లేదో స్వయంగా రెండుసార్లు చూసుకున్నాక చెక్కను విడదీయాలి. పగులు పొడవు కంటితో తెలియదు. దాని మీద కాస్త అసిటోన్ రాసి ఆరనివ్వాలి. చుట్టుపక్కల అంతా ఆరిపోయినా పగులు గీత మాత్రం కాసేపు తడిగా కనిపిస్తుంది. అంగుళమే అనుకున్నది మూడంగుళాలు తేలడం మామూలే. సగం పగిలినదాన్ని రెండు ముక్కలు చేస్తే అతకడం తేలికని కొందరు విరగ్గొడతారు. ఆ పని చేయకూడదు. నార తెగిందంటే మళ్లీ అలాగే కూర్చోదు.

నూనె తీయడానికి ఓపిక కావాలి. సుద్ద పొడిని అసిటోన్‌తో ముద్ద చేసి నల్లబడిన చోట దట్టంగా పట్టించాలి. ఆరేకొద్దీ సుద్ద నూనెను పైకి లాగి పసుపుపచ్చగా, గోధుమ రంగుగా మారుతుంది. దులిపి మళ్లీ పట్టించాలి. సుద్ద తెల్లగానే ఆరేదాకా ఇదే పని. ఇది పూర్తయ్యేదాకా ఆ గదిలో బీడీ వెలగకూడదు, దీపం ఉండకూడదు. గిరాకీ తొందరపెట్టినా ఈ పని తగ్గించకూడదు. నూనె మీద ఏ జిగురూ నిలవదు.

జిగురు విషయంలో ఇంటి అలవాటు పక్కన పెట్టాలి. తాతల కాలపు సరేసు చెమ్మకు మెత్తబడుతుంది. ఫెవికాల్ తలుపు చెక్కకు చాలు, నూనె తాగిన మెడకు చాలదు. రెండు ట్యూబులు కలిపే అరాల్డైట్, అదీ నెమ్మదిగా గట్టిపడే రకం వాడాలి. ఐదు నిమిషాల్లో బిగిసేది లోపలిదాకా వెళ్లకముందే ఆగిపోతుంది. పగులును సన్నగా తెరిచి పట్టి, చెక్కను హెయిర్ డ్రయర్‌తో గోరువెచ్చగా చేస్తే జిగురు పలచబడి దానంతట అదే లోపలికి పాకుతుంది. అవతలి వైపు బొట్టు కనిపించిందంటే చేరినట్టే. తర్వాత పాత సైకిల్ ట్యూబును పట్టీలుగా కోసి మెడ చుట్టూ బిగించి, ఒక పూర్తి రోజు కదపకుండా ఉంచాలి. ఎముకలు విరిగేలా బిగిస్తే జిగురంతా బయటికొచ్చేస్తుంది.

పెద్ద పగులైతే మూడు మిల్లీమీటర్ల మరలున్న ఇత్తడి కడ్డీని పగులుకు అడ్డంగా లోపలి నుంచి దించాలి. బర్మా రంధ్రం ట్రిగ్గర్ గార్డు కిందకో, ఇనుము కప్పే చోటికో వచ్చేలా చూసుకుంటే బయటికి మచ్చ కనపడదు. పాత బర్మార్ తుపాకుల, అంటే గొట్టం మూతి నుంచి మందు కూరేవాటి, మెడకు ఇత్తడి తీగ చుట్టిన మరమ్మతులు ఉంటాయి. ఆ పని చేసినవాళ్లకు అరాల్డైట్ లేదు కనుక బయటి నుంచే బిగించారు. అందులో దాపరికం లేదు. నాకైతే ముచ్చటగానే ఉంటుంది.

అసలు పని ఆ తర్వాత. ఇనుప భాగానికి పలచగా కాటుక రాసి, చెక్కలో కూర్చోబెట్టి, తీసి చూడాలి. ఎక్కడ నలుపు అంటిందో అక్కడే ఇనుము తగులుతోంది. వెనకవైపు భుజాలు రెండూ సమానంగా నల్లబడాలి. తోక చివర మాత్రం అస్సలు అంటకూడదు. అక్కడ విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉలితో తీసి ఉంచాలి. ఆ సందు లేకుండా ఎంత మంచి జిగురు పెట్టినా, మళ్లీ కాల్చినప్పుడు అదే చోట పగులుతుంది. పైపూతకు అవిసె నూనె చాలు, అరచేత్తో రుద్దుతూ పలచని పూతలు వేయాలి. ఆ నూనె గుడ్డలను కుప్పగా పడేస్తే వాటంతట అవే అంటుకుంటాయి, విడివిడిగా ఆరేయాలి.

అన్నిటినీ బతికించలేం. మెడ దగ్గర నార అడ్డంగా దాటిపోయిన చెక్క అడ్డంగా విరిగితే కొత్తది చేయాల్సిందే. అందుకు అక్రోటు చెక్క కావాలి. అది దొరకడం తేలిక కాదు: కశ్మీర్‌లో అక్రోటు చెట్టు ఇష్టమొచ్చినట్టు నరకడానికి లేదు, 1969 నుంచి చట్టమే ఉంది. మన ఏటూరునాగారం టేకు తలుపులకు దివ్యంగా ఉంటుంది గానీ తుపాకీ మెడకు నేను ఒప్పుకోను. అది నార వెంట తొందరగా చీలుతుంది.

ఇక చట్టం. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ మరమ్మతు చేయకూడదు. ఆ చట్టం లెక్కలో తుపాకీ భాగాలూ ఆయుధాలే. కనుక పని మిగిలిందని చెక్కను సంచిలో వేసుకుని ఇంటికి తీసుకురావద్దు. ఊళ్లో ఎవరైనా తెలిసినవాడు రాత్రిపూట తెచ్చి "కాస్త జిగురు పెట్టిపో" అంటే దుకాణం దారి చూపించు. గిరాకీ లైసెన్సు పుస్తకం, తుపాకీ నంబరు చూసి, రిజిస్టర్‌లో రాసి, రసీదు ఇచ్చాకే చెయ్యి పెట్టు.

ఎన్నికల ముందు చాలా తుపాకులు పోలీస్ స్టేషన్లో జమ చేయిస్తారు. కొన్ని వారాలు అక్కడ ఒకదానిమీద ఒకటి ఆనించి ఉంటాయి. మీ దుకాణానికి వచ్చేవాళ్లలో జమ చేయాల్సినవాళ్లకు చెప్పు: జమ చేసేటప్పుడు మెడను ఫొటో తీసుకోమను, ఉన్న పగులు ఉన్నట్టు రసీదులో రాయించుకోమను. తిరిగి తీసుకునేటప్పుడు సంతకం పెట్టే ముందే వెలుతురులో తిప్పి చూసుకోమను. ఇంట్లో నిలబెట్టేటప్పుడు గొట్టాలు కిందికి పెట్టి, కింద గుడ్డ వేయమను.



ఇట్లు,
మీ మామ