బ్యాటరీ మార్చే ముందు మీటరు పెట్టి చూద్దాం

పదో తరగతి భౌతికశాస్త్రంలో విద్యుదయస్కాంత ప్రేరణ గురించి మనమంతా చదువుకున్నాం. ఫారడే నియమం రాసి, బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నాం. ఆ బొమ్మలోని తీగచుట్టే మన హాస్టల్ గేటు ముందు ఆగే ప్రతి మోటారు సైకిలు ఇంజనులోనూ ఉందని మాత్రం మనకు ఎవరూ చెప్పలేదు. ఈ సంచికలో కథలూ కవితలూ ఎలాగూ ఉంటాయి కాబట్టి మేము ఆ తీగచుట్ట గురించి, దానికి తోడుగా పనిచేస్తూ తరచుగా పాడయ్యే ఆర్‌ఆర్ యూనిట్ గురించి రాస్తున్నాం. దాని పూర్తి పేరు రెగ్యులేటర్ రెక్టిఫైయర్. షాపులో ఆర్‌ఆర్ అంటేనే ఇస్తారు.

మా ఇళ్లలో డిగ్రీ దాకా చదివిన మొదటివాళ్లం మేమే. అందువల్ల సెలవులకు ఊరికి వెళ్తే ఫ్యాను తిరగకపోయినా, బండి స్టార్టు కాకపోయినా మమ్మల్నే పిలుస్తారు. "సైన్సు చదివినోడివి కదరా, చూడు" అంటారు. ఎంఎస్సీ ఫిజిక్సుకూ పానాకూ సంబంధం లేదంటే ఎవరూ నమ్మరు. నిజానికి సంబంధం ఉంది.

మన హాస్టల్లో చదివి వెళ్లిన ఒక అన్న పగలు పార్సిళ్లు వేస్తూ రాత్రి ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నారు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న 150 సీసీ బండే ఆయనకు ఆధారం. ఎనిమిది నెలల్లో దానికి రెండు బ్యాటరీలు మార్చారు. కొత్తది వేసినప్పుడు కొన్నాళ్లు బాగుంటుంది. తర్వాత పొద్దున్నే సెల్ఫ్ మూలుగుతుంది, హారన్ గొంతు పోతుంది. షాపులో మూడో బ్యాటరీ కూడా వేయాలన్నారు. ఒక్కో బ్యాటరీ అంటే ఆయనకు నాలుగు రోజుల సంపాదన. ఆ డబ్బు ఇచ్చే ముందు ఒక ఆదివారం బండిని మా దగ్గరికి తెచ్చారు.

ముందు లోపల జరిగేది తెలుసుకుందాం. ఇంజను తిరిగితే దానితోపాటు గిన్నెలాంటి అయస్కాంతం తిరుగుతుంది. దాని లోపల కదలకుండా రాగి తీగచుట్టల ప్లేటు ఉంటుంది. మెకానిక్కులు కాయిల్ ప్లేటు అంటారు. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న సూత్రం ప్రకారం ఆ తీగల్లో విద్యుత్తు పుడుతుంది. అయితే అది దిశ మార్చుకుంటూ ఉండే ఏకాంతర విద్యుత్తు, అంటే ఏసీ. బ్యాటరీకి కావలసింది ఏకముఖ విద్యుత్తు, అంటే డీసీ. ఈ మార్పిడి చేసేది ఆర్‌ఆర్ యూనిట్‌లోని డయోడ్లు. మూడు ఫేజుల బండిలో ఫేజుకు రెండు చొప్పున ఆరు దారులుంటాయి.

యూనిట్‌కు రెండో పని కూడా ఉంది. ఇంజను వేగం పెరిగితే కాయిల్ వోల్టేజీ కూడా పెరుగుతుంది. దాన్ని అలాగే వదిలితే బ్యాటరీ ఉడికిపోతుంది. అందుకని బ్యాటరీకి సరిపోగానే మిగిలినదాన్ని చాలా బండ్లలో ఈ యూనిట్ కాయిల్‌కే తిప్పికొట్టి షార్టు చేస్తుంది. ఆ పనిలో వేడెక్కుతుంది. దాని మీద అల్యూమినియం రెక్కలు ఉండేది, గాలి తగిలే చోట బిగించేది ఇందుకే. తరచుగా చచ్చేది కూడా ఈ వేడి వల్లనే. రెక్కల మీద మట్టి గడ్డకట్టిన బండ్లు మన ఊళ్లలో ఎన్నో!

ఇక బ్యాటరీ సంగతి. 1859లో గాస్టన్ ప్లాంటే తయారుచేసిన లెడ్ యాసిడ్ బ్యాటరీకి మన బండిలోనిది మనుమడి వరస. లోపల ఆరు గదులు ఉంటాయి. గదికి సుమారు 2.1 వోల్టుల చొప్పున నిండు బ్యాటరీ 12.6 దాకా చూపిస్తుంది. 12.2 అంటే సగమే ఉన్నట్టు. 12 కంటే దిగితే దాదాపు ఖాళీ. ఖాళీగా ఎక్కువ రోజులు ఉంచితే పలకల మీద లెడ్ సల్ఫేటు గట్టిపడి తర్వాత చార్జి ఎక్కదు. కాబట్టి బ్యాటరీ పోయిందని షాపువారు చెప్పే మాట చాలాసార్లు నిజమే. కానీ అది ఆకలితో పోయింది. అన్నం పెట్టాల్సింది ఎందుకు పెట్టలేదో చూడకుండా కొత్తది వేస్తే అదీ అలాగే పోతుంది.

ఎంత తొందరగా పోతుందో చిన్న లెక్క వేద్దాం. హెడ్‌లైటు 35 వాట్లు అనుకుంటే 12తో భాగిస్తే దాదాపు 2.9 ఆంపియర్లు. టెయిల్ లైటు, ఇగ్నిషన్ కలిపితే నాలుగు దాటుతుంది. 9 ఆంపియర్ అవర్ల బ్యాటరీ చార్జింగు లేకుండా రెండు గంటలు మోయడమే కష్టం. 2017 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో కొత్త బండ్లకు ఇంజను నడిచినంతసేపూ హెడ్‌లైటు వెలగాలన్న నిబంధన ఉంది. అంటే పగలు కూడా ఈ బరువు తప్పదు. పాత చిన్న బండ్లలో హెడ్‌లైటు నేరుగా కాయిల్ మీదే వెలిగేది. మన నాన్నల బండ్లకు రేజు ఇస్తేనే లైటు పెరిగేది గుర్తుంది కదా, దానికి కారణం అదే.

ఇప్పుడు పరీక్షకు వద్దాం. ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు, మామూలు డిజిటల్ మల్టీమీటరు చాలు. చేతికి కడియం, ఉంగరం ఉంటే తీసేయాలి. ఇంజనును మూసిన గదిలో నడపకూడదు. మీటరు ఎర్ర తీగ 10 ఆంపియర్ల రంధ్రంలో ఉండగా బ్యాటరీకి తాకిస్తే షార్టు అవుతుంది కాబట్టి ముందు అది చూసుకోవాలి. బ్యాటరీ విప్పేసి ఇంజను నడపడం మాత్రం ఎప్పుడూ చేయకండి. వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి మిగతా సామాను కూడా కాలిపోవచ్చు.

మీటరును డీసీ 20 మీద పెట్టి, బండి ఆపి ఉండగా బ్యాటరీ రెండు కొనల మీద చూడాలి. బ్యాటరీ బాగా దిగి ఉంటే ముందు బయట చార్జి చేయించాలి, లేకపోతే తర్వాతి అంకెలు నమ్మలేం. అన్న బండికి చార్జి చేయించాక 12.6 వచ్చింది. తర్వాత స్టార్టు చేసి, ఇంజనును 4,000 ఆర్‌పీఎం దగ్గర ఉంచి అక్కడే మళ్లీ చూడాలి. ఆరోగ్యంగా ఉన్న బండి సుమారుగా 13.5, 14.5 మధ్య చూపిస్తుంది. మీ బండి పుస్తకంలో అంకె ఇచ్చి ఉంటే దాన్నే ప్రమాణంగా తీసుకోండి. 15 దాటితే రెగ్యులేటరు అదుపు చేయడం లేదని అర్థం. బ్యాటరీ వేడెక్కి ఘాటు వాసన వస్తుంది, బల్బులు వరసగా పోతాయి. అన్న బండి 12.4 దగ్గరే ఆగింది, లైటు బరువుకు మెల్లగా 12.3కు జారింది. అంటే చార్జింగు చాలడం లేదు.

ఇక్కడితో ఆగి ఆర్‌ఆర్ కొనేస్తే అది కూడా ఊహే అవుతుంది. తప్పు కాయిల్‌లో ఉండవచ్చు, మధ్య వైర్లలో ఉండవచ్చు. ఈ బండిలో కాయిల్ నుంచి మూడు పసుపు వైర్లు వస్తాయి (రంగులు కంపెనీని బట్టి మారతాయి). బండి ఆపి యూనిట్ దగ్గర ఆ కప్లరు విప్పాలి. మీటరును తక్కువ ఓముల మీద పెట్టి పసుపు వైర్లను రెండేసి చొప్పున చూస్తే మూడు జతలూ సమానంగా, సాధారణంగా ఒక ఓముకు అటూ ఇటూగా రావాలి. ఏ పసుపు వైరుకూ ఇంజను బాడీకీ మధ్య దారి ఉండకూడదు. ఉంటే కాయిల్ కాలినట్టే. తర్వాత మీటరును ఏసీ 200 మీదకు మార్చి, కప్లరు విప్పి ఉండగానే ఇంజను స్టార్టు చేసి మళ్లీ మూడు జతలూ చూడాలి. రేజు పెంచేకొద్దీ మూడూ సమానంగా పెరగాలి. అంకె 50 దాటవచ్చు కాబట్టి కొనలను చేత్తో ముట్టుకోకూడదు. కొంచెం రేజు మీద మాకు 31, 31, 32 వచ్చాయి. కాయిల్ బాగుంది. కాయిల్ పోయి ఉంటే ఇంజను కవరు విప్పాలి, గాస్కెట్టు మార్చాలి. అది మెకానిక్ పని.

మిగిలింది యూనిట్. ఇంజను ఆపి, యూనిట్‌ను వైర్ల నుంచి విడదీసి, మీటరును డయోడ్ గుర్తు మీద పెట్టాలి. ఎర్ర ప్రోబు ఒక పసుపు పిన్ను మీద, నల్లది యూనిట్ ప్లస్ పిన్ను మీద పెడితే 400 నుంచి 600 లోపు అంకె రావాలి. తిప్పి పెడితే ఏమీ రాకూడదు. మీటరు ఎడమవైపు ఒంటరిగా 1 అనో, ఓఎల్ అనో చూపిస్తే ఏమీ రానట్టు. అలాగే ఎర్రది మైనస్ మీద, నల్లది పసుపు మీద పెట్టి చూడాలి. రెండువైపులా సున్నా వస్తే డయోడ్ షార్టు, రెండువైపులా ఏమీ రాకపోతే తెగినట్టు. యూనిట్లన్నీ ఒకే రకంగా కట్టరు, కాబట్టి విడి అంకె కంటే మూడు పసుపు పిన్నులూ ఒకేలా ఉన్నాయా అన్నదే ముఖ్యం. అన్న యూనిట్‌లో రెండు పిన్నులు 510, 512 చూపించాయి. మూడోది ఎటు పెట్టినా మాట్లాడలేదు. ఆ పిన్ను దగ్గర కప్లరు ప్లాస్టిక్కు గోధుమ రంగుకు తిరిగి కరిగి ఉంది.

ఈ కప్లరు విషయం కొంచెం గట్టిగా చెప్పాలి. పిన్ను వదులైతే అక్కడ నిరోధం పెరుగుతుంది, నిరోధం ఉన్నచోట వేడి పుడుతుంది, వేడికి పిన్ను ఇంకా వదులవుతుంది. పాత కప్లరులోనే కొత్త యూనిట్ గుచ్చితే అదీ ఆ దారినే పోతుంది. మేము కాలిన కప్లరు కోసేసి, నల్లబడిన వైరును మెరిసే రాగి కనిపించేదాకా కత్తిరించి, కొత్త పిన్నులు నొక్కించి, కొత్త కప్లరు వేయించాం.

బిగింపు పెద్ద పని కాదు. బ్యాటరీ మైనస్ ముందు విప్పాలి, బిగించేటప్పుడు చివర బిగించాలి. రెండు బోల్టులు తీసి, యూనిట్ కూర్చునే చోట తుప్పు, మట్టి గీకి శుభ్రం చేయాలి. కొత్తది అదే మోడలుదై ఉండాలి. చూడటానికి ఒకేలా ఉన్నా సింగిల్ ఫేజుది మూడు ఫేజుల బండికి పనికిరాదు. పాతదాన్ని విప్పి బాగుచేద్దామనుకోకండి, లోపలంతా గట్టి రెజిన్ పోసి ఉంటుంది.

మెకానిక్కులను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. ముందు పది బండ్లు నిలబడి ఉన్నప్పుడు త్వరగా అయ్యే పని బ్యాటరీ మార్చడమే. కానీ "బండి చూడన్నా" అని నిలబడితే ఒక జవాబు వస్తుంది. "నాలుగు వేల మీద 12.3 వస్తోంది, కాయిల్ మూడు జతలూ సమానం" అని కాగితం చూపిస్తే ఇంకో జవాబు వస్తుంది. కప్లరు వేసిన మెకానిక్ అన్న ఆ కాగితం చూసి, మా మీటరు అడిగి తీసుకుని తానూ ఒకసారి పెట్టి చూశారు. చదువుకు ఇంతకంటే మర్యాద మాకు ఈ మధ్య ఎక్కడా దొరకలేదు.

కొత్త యూనిట్ వేశాక 4,000 దగ్గర 14.2 వచ్చింది, లైటు వెలుగుతుండగానే. యూనిట్ ప్లస్ వైరుకూ బ్యాటరీ ప్లస్‌కూ మధ్య తేడా 0.1 వోల్టు మాత్రమే, అంటే మధ్య జాయింట్లు బాగున్నాయి. ఈ అంకెలను తేదీతో సహా ఒక చీటీ మీద రాసి సీటు కింద అంటించాం. ఆరు వారాల తర్వాత అన్న వచ్చినప్పుడు రాత్రంతా ఆగి ఉన్న బండికి మీటరు పెడితే 12.6 ఉంది. ఆ రెండో బ్యాటరీయే ఇంకా నడుస్తోంది.