కంటి పొడవు కొలిచేదెలా?



మా నాయనమ్మకు శుక్లం ఆపరేషన్ అయ్యాక బియ్యంలో రాళ్ళు కనిపించేవి గాని, బస్సు బోర్డు కనిపించేది కాదు. కళ్ళజోడు పెట్టాక సరిపోయింది. ఇలా ఎందుకు జరుగుతుందో ఎం.ఎస్సీ. ఫిజిక్స్‌లో చేరాక అర్థమైంది.

ఆపరేషన్‌లో మసకబారిన కటకం తీసి కృత్రిమ కటకం అమర్చుతారు. దాని శక్తి నిర్ణయించాలంటే కార్నియా వంపు, కంటి పొడవు తెలియాలి. పెద్దవారిలో ఈ పొడవు సుమారు 23.5 మి.మీ. ఇందులో 1 మి.మీ. తప్పితే చూపులో 2.5 నుండి 3 డయాప్టర్ల తేడా వస్తుంది. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ తొలి కృత్రిమ కటకం అమర్చినప్పుడు శక్తి లెక్క తప్పి, రోగికి హ్రస్వదృష్టి వచ్చింది.

కొలిచే పద్ధతులు మూడు.

1. స్పర్శ పద్ధతి: మత్తు చుక్కలు వేసి, అతిధ్వనుల పెన్నును కార్నియాకు ఆనిస్తారు. ధ్వని రెటీనాను తాకి తిరిగి రావడానికి దాదాపు 30 మైక్రోసెకన్లు పడుతుంది. ఆ కాలాన్ని బట్టి పొడవు లెక్కిస్తారు. పరికరం చౌక. కాని చేయి కాస్త నొక్కినా కన్ను 0.1 నుండి 0.3 మి.మీ. పొట్టిగా కనిపిస్తుంది. అప్పుడు ఎక్కువ శక్తి గల కటకం పడి, దూరపు చూపు మసకబారుతుంది.

2. ద్రవ పద్ధతి: కంటిపై చిన్న గిన్నెలాంటి తొడుగు పెట్టి సెలైన్ నింపుతారు. పెన్ను కార్నియాను తాకదు కనుక నొక్కుడు ఉండదు.

3. కాంతి పద్ధతి: హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైంది. మరుసటి ఏడాదే జర్మనీకి చెందిన జైస్ సంస్థ ఐ.ఓ.ఎల్. మాస్టర్ తెచ్చింది. ఇది పరారుణ కాంతి వ్యతికరణంతో, కంటిని తాకకుండానే, మి.మీ.లో వందో వంతు వరకు కొలుస్తుంది.

మరి మూడోదే అందరికీ చాలదా? చాలదు. బాగా ముదిరిన తెల్లని శుక్లంలోంచి ఆ కాంతి వెళ్ళలేదు. కొత్త యంత్రాలు కొంత మెరుగైనా, కొన్ని కళ్ళకు ఇప్పటికీ అతిధ్వనులే దిక్కు. హైటెక్ సిటీలో ఉద్యోగం చేసేవారి తల్లి తొలిదశలోనే పరీక్షకు వస్తుంది. అక్కడే ఇటుకలు మోసే కూలీ తల్లి చూపు పూర్తిగా పోయాక వస్తుంది. యంత్రం ఒకటే అయినా, ఆలస్యం వల్ల ఫలితం మారుతుంది.

“పొర ముదిరాకే తీయించాలి” అనేది పాత మాట. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు మీ పెద్దవారిని ఒక్కో కన్ను మూసి చూడమనండి. మసకగా ఉందంటే మెహిదీపట్నంలోని సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి వంటి చోటుకు తీసుకెళ్ళండి. మనం చదివిన చదువు ముందుగా మన ఇంటివాళ్ళ కళ్ళకు ఉపయోగపడాలి.