జున్నును వదిలి రావద్దు

హన్మకొండ

చిట్టీ,

ఫోన్ల చెప్తే సగం గాలికి పోతది. సామాను సర్దే హడావుడిల మళ్లా మళ్లా తీసి చూసుకోవాల్సిన సంగతి ఇది. అందుకే కాగితం మీద రాస్తున్న.

ఆషాఢం పోంగనే ఉప్పల్ల ఇల్లు ఖాళీ చేసి ఇక్కడికి వస్తున్నరంటే నాకెంత సంతోషమో చెప్పలేను. కాని నువ్వు రాసినదాంట్ల చివర్ల అడిగిన మాట నా మనసుకు పట్టుకున్నది. "పిల్లి ఇంటిని నమ్ముకుంటది, మనిషిని కాదు. జున్నును ఆడ్నే వదిలేస్తే పక్కింటోళ్లు ఇన్ని పాలు పోస్తరు" అని మీ అత్తమ్మ అంటున్నదని రాసినవు. వదిలి రావద్దు బిడ్డా. ఏం చేసైనా సరే, దాన్ని తోలుకొని రా.

మీ అత్తమ్మ మీద కోపం తెచ్చుకోకు. ఆమె తన కాలం మాట చెప్తున్నది. గూనపెంకల ఇండ్లల్ల వడ్ల గుమ్ములుండేటివి, గుమ్ముల కాడ ఎలుకలుండేటివి, ఎలుకల కోసం పిల్లి ఉండేది. మనుషులు మారినా దాని తిండి ఆ ఇంట్లనే దొరికేది గనుక అది అక్కడ్నే ఉండేది. జున్ను సంగతి అది కాదు. కండ్లు తెరిచినప్పటి నుంచి అపార్ట్‌మెంట్ల నీ చేతి తిండి తిని పెరిగింది. సెల్లార్ల కుక్కల నడుమ వదిలేస్తే ఏం వేటాడుతది, ఎక్కడ దాక్కుంటది? ఆకలికి, దాహానికి మాడిపోయేటట్టు జంతువును విడిచిపెట్టి పోవుడు 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం కూడా. చట్టం లేకున్నా నీకు మనసొప్పదని నాకు తెలుసు. ఒప్పితే నన్ను అడిగేదానివే కాదు.

పిల్లికి మనుషుల మీద మమత ఉండదన్న మాట కూడా నిలిచేది కాదు. అమెరికాల ఆరెగాన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు పసిపిల్లలకు తల్లి మీద ఉండే ధీమాను కొలిచే పరీక్షనే పిల్లులకు పెట్టి చూసి 2019ల అచ్చేసిండ్రు. కొత్త అర్రల పెంచినామె కాసేపు కనబడకుంట పోయి తిరిగి రాంగనే, వంద పిల్లుల్ల దాదాపు 65 కుదుటపడి మళ్లా ఆటల పడ్డయి. అదే ఏడు జపాన్ల ఇంకో పరిశోధనల తేలింది ఏందంటే, పిల్లులు తమ పేరును వేరే మాటల నుంచి గుర్తుపడుతయి. నువ్వు పిలిస్తే జున్ను తోక ఆడించుడు నీ భ్రమ కాదు.

అట్లని పిల్లికి ఇల్లు లెక్కలేదని కాదు. దాని ఇల్లంటే గోడలు కావు, వాసన. బుగ్గలు, గదవ రాసి రాసి కుర్చీ కాళ్లకు, తలుపు మూలలకు తన గుర్తు పెట్టుకుంటది. ఆ గుర్తులన్నీ ఒక్కనాడే పోతే దాని ప్రాణం తల్లడిల్లుతది. పిల్లి తన పిల్లల్ని ఏడిండ్లు తిప్పుతదని మనమే అంటం గదా. ఇల్లు మారుడు దానికి తెల్వని పని కాదన్నట్టే. ఒక్కొక్క పిల్లనే నోట కరుసుకొని, చీకటి మూల చూసి, ఆ మూలలనే ముడుసుకొని పడుకుంటది. నువ్వు కూడా అట్లనే మార్చాలె. ముందు ఒక్క మూల, తర్వాత ఒక్క అర్ర, ఆ తర్వాతనే ఇల్లు.

క్యారియర్ బుట్ట ఇప్పుడే కొని మూత తీసి హాల్ల పెట్టు. దాంట్ల నీ పాత చీర ముక్క వెయ్యి, జున్నుకు తిండి ఆ బుట్టలనే పెట్టు. బయలుదేరే నాడు అటక మీద నుంచి దించి కుక్కితే అది రక్కుతది, మీకు దుఃఖం, దానికి భయం. ఒకవేళ రక్కినా కరిసినా, అప్పటికప్పుడు నల్లా కింద సబ్బుతోని 15 నిమిషాలు కడుగు. రేబిస్ టీకా కోసం దవాఖానకు పోవుడు మర్చిపోకు, ఇక్కడైతే ఎంజీఎం ఉన్నది. జున్నుకు కూడా ఆ టీకా, పిల్లలు కాకుంట ఆపరేషన్ ఉప్పల్లనే చేయించి తీసుకురా. ఆపరేషన్ అయిన పిల్లి ఊరు తిరుగుడు తగ్గిస్తది.

డీసీఎం వ్యాన్ల సామాను ఎక్కించేటప్పుడు దాన్ని బాత్రూంల పెట్టి గొళ్లెం వెయ్యి, తలుపు మీద "తెరవొద్దు, పిల్లి ఉన్నది" అని పెద్దక్షరాల్ల రాసి అతికించు. దర్వాజాలన్నీ బార్లా తెరిచి ఉన్నప్పుడు పిల్లి తప్పిపోవచ్చు. దాన్ని కార్ల మీతోనే తీసుకురండి. రైల్ల అయితే మీ పెట్టెల మీ పక్కన కూసోనియ్యరు. పిల్లిని బుట్టల పెట్టి గార్డు డబ్బాల వెయ్యాలె, లేకుంటే ఫస్ట్ ఏసీల కూపె మొత్తం తీసుకోవాలె. కార్లయితే 140 కిలోమీటర్లు, మూడు గంటల దారి. బయలుదేరే ముందు మూడు, నాలుగు గంటల నుంచి తిండి పెట్టకు. బుట్ట మీద గుడ్డ కప్పి బెల్టు వెయ్యి. జనగామ కాడ చాయ్‌కి ఆగుతరు, ఎంత మొత్తుకున్నా బుట్ట మూత తీయకు. బండిల దాన్ని ఒక్కదాన్నే వదిలి అద్దాలు ఎక్కించి పోకండి, వానకాలమైనా ఎండ కొడితే లోపల కొలిమే. నిద్రకని మన గోలీలు ఏవీ వెయ్యకు. పారాసిటమాల్ ఒక్క గోలీ చాలు పిల్లి పాణం తీయనీకి, ఇది ఇంట్ల అందరికీ చెప్పు.

కొత్త ఇంట్ల నీ పడకర్ర జున్నుకు ఇచ్చెయ్. పాలు పొంగిచ్చుడు, హోమం పొగ, చుట్టాల సందడి అంతా అయిపోయే దాక దాన్ని మా ఇంట్ల ఉంచుత. ఇల్లు ఫినాయిల్‌తోని కడిగితే మంచి నీళ్లతోని మళ్లా తుడిపిస్త, ఆ ఘాటు మందు దాని కాళ్లకంటి నాలుకకు పోతది. బీరువాల కలరా ఉండలు వెయ్యకు. ముందున్నోళ్లు సజ్జల మీద, పొయ్యిగట్టు కింద ఎలుకల మందు ఏమన్న పెట్టి పోయిండ్రా అని నేనే వెతుకుత.

నువ్వు దాని దుప్పటి ఉతకకుంట పట్టుకొని రా. పాత ఇసుక డబ్బాల ఇసుక కూడా ఇంత సంచిల తీసుకురా, నవ్వినోళ్లు నవ్వనీ. ఒక మెత్తటి గుడ్డ దాని బుగ్గలకు రుద్ది, అదే గుడ్డ అర్రల మంచం కోళ్లకు, తలుపు మూలలకు రుద్దు. అట్టపెట్టె ఒకటి బోర్లించి దారి కోసి పెట్టు. నెదర్లాండ్స్ల కొత్తగ ఆశ్రయానికి వచ్చిన పిల్లులకు దాక్కునేటందుకు పెట్టెలిచ్చి చూసిండ్రు, 2014ల అచ్చయిన సంగతి. పెట్టె దొరికినయి దొరకని వాటి కన్న చాలా తొందరగ తేరుకున్నయి. అది దాక్కుంటే బయటికి గుంజకు. నువ్వు పక్కన నేల మీద కూసొని ఏదన్న చదువుకో, పేరు పెట్టి మెల్లగ పిలువు. రోజూ పెట్టే తిండే పెట్టు. ముట్టకుంటే ఉడకబెట్టిన కోడి కార్జం వాసన చూపియ్యి. ఒక రోజు తినకున్నా ఓర్చుకో గాని రెండో రోజు కూడా ముట్టకుంటే డాక్టర్ కాడికి పోదాం. తిండి మానితే పిల్లికి కాలేయం చెడిపోతది. ఇంకొకటి, మగ పిల్లి ఉచ్చ పోయలేక డబ్బాల మళ్లా మళ్లా కూసుంటే ఒక్క పూట కూడా ఆగొద్దు. మామునూరుల పశువైద్య కాలేజీ ఉన్నది, భయపడకు.

అది తోక పైకి లేపి నడిచినప్పుడు తలుపు తీయి. వారం పడుతదో ఇంకా ఎక్కువో, తొందర లేదు. బాల్కనీకి మాత్రం పావురాల వల కట్టించక ముందు దాన్ని పోనియ్యకు. పిల్లి పడదనుకుంటరు. న్యూయార్క్ల ఒక పశువుల దవాఖానకు అయిదు నెలల్ల 132 పిల్లులు మేడల మీద నుంచి పడి వచ్చినయట, 1987ల రాసిండ్రు. వైద్యం చేసిన వాటిల పదింట తొమ్మిది బతికినయి గాని, చాలా వాటికి ముఖం, ఛాతీ దెబ్బతిన్నయి. మీరు వచ్చిన కొన్నాళ్లకే వినాయక చవితి. నిమజ్జనం నాడు డీజేల మోతకు కిటికీలు మూసి, దాని పెట్టె లోపలర్రలకు జరుపు.

ఇల్లు మూడో అంతస్తుల చూసుడు కావాలనే. 2020 ఆగస్టుల, 2023 జులైల హంటర్ రోడ్డు, నయీంనగర్ దిక్కు ఇండ్లల్లకు వరద నీళ్లొచ్చినయి. క్యారియర్ బుట్టను సజ్జ మీద దాచిపెట్టకు, ఎప్పుడూ నేల మీదనే ఉండనియ్యి. అది అండ్ల పడుకునుడు అలవాటైతే ఆపదల ఒక్క నిమిషంల బయటపడుతరు.

ఓనర్‌కు పిల్లి ఉన్నదని ముందే చెప్పిన, అగ్రిమెంటుల కూడా రాయించుకుందాం. అసోసియేషన్ వాళ్లు ఏమన్న అంటే, పెంపుడు జంతువులను సంఘాలు నిషేధించరాదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015ల ఇచ్చిన మార్గదర్శకాలున్నయి. కాగితం తీసి నా దగ్గర పెట్టుకున్న. గొడవ పడే పని లేదు, పిల్లి మెట్ల మీద ఖరాబు చెయ్యదని చూపిస్తే చాలు.

మీ అత్తమ్మకు ఈ ఉత్తరం నువ్వే చదివి వినిపియ్యి, నా మాటగా చెప్పు. కావాలంటే నేను ఫోన్ల మాట్లాడుత. తాళాలు నా దగ్గరనే ఉన్నయి. బాల్కనీ కొలతలు తీసుకున్న, వల కట్టేటాయన బేస్తారం వస్తనన్నడు. మీరు ఏ రోజు బయలుదేరుతరో ఖాయం కాంగనే చెప్పు, ఇసుక డబ్బా, నీళ్ల గిన్నె సిద్ధం చేసి పెడుత.

మీ పెద్దమ్మ