ఎవరూ తిట్టని ఊళ్లో ఏడాది

టోక్యో వెళ్లిన రెండో వారం. పొద్దున్నే చెత్త సంచి మా సందు మలుపులో పెట్టేసి క్లాసుకు పోయాను. సాయంత్రం వచ్చేసరికి మిగతా సంచులన్నీ పోయాయి, నాది ఒక్కటే మిగిలింది. దాని మీద ఒక స్టిక్కర్. చదవడం రాదు కాబట్టి ఫోన్ కెమెరా పెట్టి చూశాను. ఈ రోజు కాల్చే చెత్త ఎత్తే రోజట, నా సంచిలో సీసాలున్నాయట. రోజూ నవ్వుతూ తల వంచే పక్కింటావిడ ఆ రోజూ అలాగే నవ్వి లోపలికి వెళ్లింది. మన దగ్గరైతే "ఏం బాబూ, ఆ మాత్రం తెలీదా?" అని వీధంతా వినపడేలా అడిగేవాళ్లు. తలకొట్టేసినట్టయ్యేది గానీ, పది నిమిషాల్లో విషయం తెలిసిపోయేది.

ఎక్స్ఛేంజ్ మీద ఆర్నెల్లకో ఏడాదికో వెళ్లే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ నేను మొదట చెప్పేది ఇదే. ఆ ఊళ్లో తప్పు చేస్తే ఎవరూ తిట్టరు. వినడానికి హాయిగా ఉంటుంది, బతకడానికే కష్టం.

ముందు కాగితాల పని. నరితాలో దిగినా, హనేదాలో దిగినా, ఇమిగ్రేషన్ దగ్గరే ఫొటోతో రెసిడెన్స్ కార్డు ఇస్తారు. పార్ట్ టైమ్ పనికి అనుమతి కూడా అక్కడే తీసుకోవచ్చు, కానీ అడిగితేనే. దరఖాస్తు ఇంటి దగ్గరే ప్రింట్ తీసి, నింపి, పాస్‌పోర్టులో పెట్టుకోండి. మర్చిపోయారా, తర్వాత షినగావా స్టేషన్లో దిగి బస్సెక్కి ఇమిగ్రేషన్ ఆఫీసుకు పోయి, ఒక పూట క్యూకి ధారపోయాలి.

ఇంట్లో చేరిన 14 రోజుల్లోపు వార్డు ఆఫీసులో చిరునామా నమోదు చేయించాలి. దాన్ని కుయాకుషో అంటారు. టోక్యో నగరంలో ఇలాంటి వార్డులు 23 ఉన్నాయి, మీ ఇల్లు ఏ వార్డులో ఉంటే అక్కడికే వెళ్లాలి. కార్డు వెనక చిరునామా అచ్చు వేసి ఇస్తారు. ఆరోగ్య బీమా కూడా అక్కడే. అది ఉంటే డాక్టరు బిల్లులో మీ వాటా 30 శాతమే. 20 ఏళ్లు నిండినవాళ్లకి పెన్షన్ చందా కూడా పడుతుంది. కట్టలేనివాళ్లు మినహాయింపుకో వాయిదాకో దరఖాస్తు పెట్టుకోవచ్చు, అది దానంతటదే రాదు. జపనీస్‌లో ఉంది కదా అని వచ్చిన కవర్లను సొరుగులో పడేయకండి. మా హాస్టల్లో ఒకబ్బాయి సొరుగు నిండా అవే ఉండేవి.

ఇక ఫోను, బ్యాంకు. బ్యాంకులో ఫోన్ నంబర్ అడుగుతారు, ఫోన్ షాపులో బ్యాంకు కార్డు అడుగుతారు. రెసిడెన్స్ కార్డు మీద చిరునామా పడ్డాక, కన్వీనియెన్స్ స్టోర్లో బిల్లు కట్టుకునే సిమ్ ఏదైనా ముందు తీసుకోండి. బ్యాంకు సంగతి ఆ తర్వాత చూడండి. వచ్చీ రాగానే సొంతంగా అపార్ట్‌మెంట్ జోలికి పోవద్దు. రెయికిన్ అని ఇంటి ఓనరుకు ముందే కొంత సమర్పించుకోవాలి, అది తిరిగి రాదు. యూనివర్సిటీ హాస్టల్ ఇస్తామంటే గది అగ్గిపెట్టంత ఉన్నా తీసుకోండి.

పని విషయానికొస్తే, అనుమతి ఉన్న విద్యార్థి వారానికి 28 గంటలు చేయొచ్చు. రెండు చోట్ల చేస్తే రెండూ కలిపి 28. యూనివర్సిటీ వేసవి సెలవుల లాంటి పెద్ద సెలవుల్లో రోజుకు 8 గంటల దాకా కుదురుతుంది. బార్లలో, పచింకో జూద కేంద్రాల్లో అంట్లు తోమే పని కూడా కుదరదు. టోక్యోలో కనీస వేతనం 2025 అక్టోబర్ నుంచి గంటకు 1,226 యెన్లు. అంటే వారానికి 34 వేల చిల్లర. తిండికీ రైళ్లకీ అవుతుంది. అప్పు తీర్చేద్దామన్న లెక్కతో మాత్రం రావొద్దు. గంటలు దాటించి పట్టుబడితే వీసాకే ఎసరు.

నాకు పని దొరికింది ఒక చిన్న భోజన హోటల్ వంటగదిలో. ఒక శుక్రవారం సాయంత్రం కుక్కర్లో అన్నం అయిపోవస్తోంది. నేనే చూసుకోవచ్చులే అని బియ్యం కడిగి పెట్టేశాను, ఎవరికీ చెప్పలేదు. అన్నం కావడానికి ముప్పావు గంట. ఈలోగా ఆఫీసువాళ్లు పన్నెండు మంది ఒక్కసారే వచ్చి కూర్చున్నారు. మేనేజరు, అక్కడ తెంచో అంటారు, నా వైపు ఒకసారి చూసి, బయటికెళ్లి వాళ్లకి తల వంచి క్షమాపణ చెప్పుకుని వచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు. బతికిపోయాననుకున్నాను. వచ్చే వారం షిఫ్టు కాగితం గోడకు అంటించారు. నాలుగు రోజులుండాల్సిన నా పేరు రెండు రోజులే ఉంది.

నాతో పనిచేసే నేపాల్ అమ్మాయి నాకన్నా రెండేళ్లు ముందొచ్చింది. ఆ కాగితం చూసి, "హోరెన్సో తెలుసా?" అని హిందీలో అడిగింది. తెలుసు, పాలకూర అన్నాను. ఆమె ఒకటే నవ్వు. హోకోకు అంటే చేసిన పని చెప్పడం, రెన్‌రాకు అంటే కబురందించడం, సోదాన్ అంటే ముందుగా అడగడం. మూడింటి మొదటి అక్షరాలు కలిపితే హోరెన్సో. పలికితే పాలకూర! ఆ దేశంలో కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకి మొదట నూరిపోసేది ఇదేనట. అన్నం అయిపోవడం వాళ్ల దృష్టిలో తప్పు కాదు. ముప్పావు గంట పడుతుందని నాకు ముందే తెలిసి, తెంచోకి చెప్పకపోవడం తప్పు.

మర్నాడు షిఫ్టుకు పది నిమిషాలు ముందే వెళ్లి, చెప్పనందుకు క్షమించమని అడిగాను. ఆ రోజు నుంచి "నూనె సగం డబ్బా ఉంది", "ఉల్లిపాయలు రేపటికి చాలవు" అని అడక్కుండానే చెప్పేవాణ్ణి. మొదట్లో చాడీలు చెప్తున్నట్టు సిగ్గుగా ఉండేది. మూడు వారాలకి నాలుగు రోజులూ తిరిగొచ్చాయి.

ఇంకో రెండు మాటలు. సాయంత్రం షిఫ్టుకు వెళ్లినా చాలాచోట్ల పలకరింపు "ఒహాయో గొజాయిమాసు", అంటే శుభోదయమే. విచిత్రంగా ఉన్నా అనేయండి. రైలు ఆలస్యమైతే స్టేషన్లో చిఎన్ షోమేయిషో అనే చీటీ ఇస్తారు, అది తీసుకెళ్లి చూపించండి. చీటీ ఉన్నా, రైల్లోంచే ఫోన్‌లో కబురు పెట్టడం మర్చిపోవద్దు. రాత్రి షిఫ్టు ఒప్పుకునే ముందు మీ లైన్లో చివరి రైలు ఎన్నింటికో చూసుకోండి. అర్ధరాత్రి దాటాక కాసేపటికే అన్నీ ఆగిపోతాయి, మళ్లీ తెల్లవారుజామున అయిదింటి దాకా దిక్కులేదు.

శాకాహారులు సూప్ అంటే కూరగాయల నీళ్లే కదా అనుకోకండి, అక్కడ చాలా వాటికి మూలం చేప రసం. సన్న బియ్యం, కందిపప్పు, చింతపండు కావాలంటే భారతీయులు ఎక్కువగా ఉండే నిషి కసాయికి వెళ్లండి.

తిరిగొచ్చాక ఇంటర్వ్యూలో టోక్యోలో చదివానంటే తల ఊపి ఊరుకున్నారు. అన్నం కథ చెప్పాక ప్రశ్నలు మొదలయ్యాయి. ఏడాది ఉండేవాళ్లు జెఎల్‌పిటి అనే జపనీస్ భాషా పరీక్ష కూడా రాసి రండి. అక్కడ జులైలో ఒకసారి, డిసెంబర్లో ఒకసారి పెడతారు, దరఖాస్తుల గడువు నెలల ముందే అయిపోతుంది.

వచ్చేసే ముందు బీమా, ఫోను, బ్యాంకు ఖాతా మూసేయండి. ఎలాగూ వెళ్లిపోతున్నావు కదా, ఖాతా నాకు అమ్మెయ్ అని ఎవరైనా డబ్బు చూపిస్తే ఆ మనిషికి దూరంగా జరగండి. అది నేరం, ఇరుక్కునేది మీరే. పరుపు, బల్లలాంటి పెద్ద సామాను మామూలు చెత్తలో ఎత్తరు. ముందే వార్డు వాళ్లకి చెప్పి రోజు ఖాయం చేసుకుని, కన్వీనియెన్స్ స్టోర్లో స్టిక్కర్ కొని దాని మీద అంటించాలి. మార్చి నెలాఖర్లో ఊరు ఊరంతా ఇళ్లు మారుతుంది కాబట్టి మూడు నాలుగు వారాల ముందే ఆ పని చూసుకోండి.